లొరేన్ రాసిన నివేదిక

లొరేన్ థ్వైట్ పంతొమ్మిదో ఏట ఇంగ్లండులో హోమ్‌రాయిడ్ అనే ఊరి కౌన్సిల్‌లో, అంటే మున్సిపాలిటీలో, చేరింది. ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పనుల్లో సాయపడే ఉద్యోగం. ఒక సైకిలు, ఒక బకెట్టు, రోజుకు ఐదిళ్ళు. పొయ్యిలో బూడిద ఎత్తడం, బొగ్గు పేర్చడం, రొట్టె, పాలు తెచ్చిపెట్టడం, వంగలేనివాళ్ళ కాళ్ళకు మేజోళ్ళు తొడగడం. ఊరి చివరి ఉన్ని మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజులవి.

మూడో చలికాలంలో ఒక సోమవారం ఆలిస్ సగ్డెన్ అనే ఆవిడ తలుపు తీయలేదు. గడపలో మూడు పాలసీసాలు అలాగే ఉన్నాయి. లొరేన్ వెనక కిటికీ పగలగొట్టి లోపలికి దూరింది. ఆలిస్ మెట్ల కింద పడి ఉంది. శుక్రవారం సాయంత్రం పడిందట. ప్రాణం ఉంది, మాట ఉంది. మెట్ల మీద బల్బు మాడిపోయి రెండు వారాలైంది. కుర్చీ ఎక్కి మార్చుకునే ధైర్యం లేక చీకట్లోనే దిగుతోంది.

"నిన్నడుగుదామనుకున్నా తల్లీ. నీకసలే పనెక్కువ గదా అని ఊరుకున్నా," అంది ఆలిస్.

ఆసుపత్రి నుంచి ఆవిడ మళ్ళీ ఇంటికి రాలేదు. వృద్ధాశ్రమానికి పంపారు, ఆరు వారాల్లో పోయింది. ఆవేళ లొరేన్ సైకిల్ బుట్టలో అదే రకం బల్బు ఉంది, ఇంకొకరి కోసం కొన్నది. ఈ సంగతి ఆమె నాకు పదిసార్లైనా చెప్పి ఉంటుంది. చెప్పిన ప్రతిసారీ ఇక్కడికొచ్చి ఆగిపోయేది.

నేను ఆమె పక్క బల్ల దగ్గర పద్నాలుగేళ్ళు పనిచేశాను. అప్పటికి ఆమె సాయంత్రపు కాలేజీలో చదువుకుని, మెట్టుమెట్టుగా పైకొచ్చి, సేవల కేటాయింపు విభాగంలో అధికారి అయింది. కౌన్సిల్ స్వయంగా చేయని పనుల్ని బయటి సంస్థలకు అప్పగించే విభాగం అది. ఎవరికి ఏం కావాలో తెలుసుకోవాలి, ఆ పని చేయగలిగినవాళ్ళను వెతకాలి, ఒప్పందం రాయాలి, పని సవ్యంగా సాగుతోందో లేదో చూడాలి. ఆ ఒప్పందాలు టైపు చేసేది నేను.

"మన దగ్గరికి వచ్చేసరికే మనిషి సగమైపోయి ఉంటాడు," అనేది లొరేన్. "తుంటి విరిగాక పరిగెత్తుతాం. విరక్కముందు ఎవరం వెళ్ళం."

అలా విరక్కముందు వెళ్ళడానికి ఆమె పెట్టించిందే పొద్దుటి పలకరింపు అనే సేవ. నడిపింది షమీమ్ అనే ఆవిడ. మిల్లు కార్మికుడి కూతురు, కుట్టు ఫ్యాక్టరీ మూతపడ్డాక చర్చి హాల్లో ముసలాడవాళ్ళకు వారానికోసారి భోజనాలు పెడుతుండేది. లొరేన్ ఆ భోజనాల దగ్గర కూర్చుని, షమీమ్ ఎవరెవరి మోకాళ్ళ సంగతి ఎంతెంత గుర్తుపెట్టుకుందో విని, ఈ పని ఈమెకే ఇవ్వాలని తేల్చుకుంది. షమీమ్‌తో పాటు పదకొండుమంది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు, అందరూ రిటైరైనవాళ్ళే. పొద్దున ఎనిమిది నుంచి పది లోపల నూట అరవైమందికి ఫోన్ చేసి పలకరిస్తారు. రెండుసార్లు చేసినా ఎత్తకపోతే, ఇంటివాళ్ళు ముందే ఇచ్చి ఉంచిన తాళంచెవితో మనిషి వెళ్తాడు. వారానికి మూడు రోజులు ఒక వడ్రంగి ఇళ్ళకు తిరిగి, మెట్ల పక్క ఊగే పట్టుకమ్మీలు బిగించి, కాలికి తగిలే తివాచీ అంచులకు మేకులు కొట్టి వస్తాడు. అంతే. చెప్పడానికి పెద్దగా ఏమీ లేని పని.

చెప్పడానికి ఏమీ లేకపోవడమే తర్వాత దాని పీకమీదికొచ్చింది.

పదేళ్ళు బాగానే నడిచింది. ఆ తర్వాత లండన్ నుంచి వచ్చే నిధులు ఏటా తగ్గుతూ వచ్చాయి. స్నానం కూడా సొంతంగా చేసుకోలేనివాళ్ళను చూడటం చట్టప్రకారం తప్పదు. ఇంకా ఎలాగో నెట్టుకొస్తున్నవాళ్ళను చూడాలని ఏ చట్టంలోనూ అంత గట్టిగా లేదు. మా విభాగానికి ఏడ్రియన్ పెల్ అనే కొత్త డైరెక్టర్ వచ్చాడు. చెడ్డవాడు కాదు. రోజూ మధ్యాహ్నం బల్ల దగ్గరే సాండ్‌విచ్ తింటూ కాగితాలు చూసేవాడు. ఒకరోజు లొరేన్‌ని పిలిచి షమీమ్ పంపిన మూడునెలల నివేదిక ముందు పెట్టాడు.

"ఈ నూట అరవైమందిలో ఎంతమంది పడకుండా ఆపాం?"

"పడనివాళ్ళని ఎలా లెక్కపెట్టమంటావు ఏడ్రియన్? వాళ్ళు ఇంట్లో కూర్చుని టీ తాగుతుంటారు."

"నాకు అర్థమవుతుంది. ఓట్లతో గెలిచొచ్చిన కౌన్సిల్ సభ్యులకు అర్థం కాదు. నాకో అంకె కావాలి."

అంకె కోసం లొరేన్ నాలుగు నెలలు తిరిగింది. పక్క ఊళ్ళో ఇలాంటి సేవ లేదు కాబట్టి అక్కడ ఎంతమంది పడ్డారో, ఇక్కడ ఎంతమంది పడ్డారో పోల్చి చూపిద్దామనుకుంది. ఆసుపత్రివాళ్ళు వివరాలు ఇవ్వలేదు. పోనీ, ఖర్చులో మీరూ కొంత భరించండి, మనిషి పడకుండా ఆగితే మంచం మిగిలేది మీకే గదా అని అడిగింది. వాళ్ళు మర్యాదగా టీ ఇచ్చి, చాలా మంచి పని అని మెచ్చుకుని పంపేశారు.

నవంబరులో ఏడ్రియన్ సేవ ఆపేయమని సిఫారసు చేస్తూ నివేదిక రాయమన్నాడు.

"నేను రాయను," అంది లొరేన్.

"నువ్వు రాయకపోతే నేను రాస్తా. నాకు వాళ్ళలో ఒక్కరి మొహం కూడా తెలియదు."

ఆమె రాసింది. దాంట్లో ప్రభావం అనే ఒక గడి ఉంటుంది. సేవ ఆగితే ముసలివాళ్ళ మీద ఎంత దెబ్బ పడుతుందో అందులో ఒక్క మాటలో చెప్పాలి. తక్కువ, మధ్యస్థం, తీవ్రం, ఈ మూడింట్లో ఒకటి. లొరేన్ తీవ్రం అని రాసింది. ఏడ్రియన్ కాగితం పట్టుకుని స్వయంగా మా బల్లల దగ్గరికి వచ్చాడు.

"ఇలా రాస్తే న్యాయవిభాగం దీన్ని వెనక్కి పంపుతుంది. అప్పుడు దీని బదులు మిల్ స్ట్రీట్ కేంద్రం మూసెయ్యాలి. నాకింకో దారి లేదు. ఏది ఉండాలో నువ్వే చెప్పు."

మిల్ స్ట్రీట్ కేంద్రం మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ళను పగలంతా చూసుకునే చోటు. వాళ్ళను అక్కడ దించితేనే వాళ్ళ భార్యలో, భర్తలో కాసేపు కళ్ళు మూసుకునేది. లొరేన్ ఆ కాగితం తీసుకుని, తీవ్రం కొట్టేసి మధ్యస్థం అని టైపు చేసి, వెళ్ళి ఆడవాళ్ళ గదిలో కూర్చుంది. అరగంట చూసి నేను వెళ్ళి తలుపు తట్టాను. "వస్తున్నా, నువ్వెళ్ళు," అంది. గొంతు మామూలుగానే ఉంది.

ఫిబ్రవరిలో, నిర్ణయానికి ముందు జనం అభిప్రాయం వినాలి గనక, చర్చి హాల్లో సమావేశం పెట్టారు. అరవైమంది దాకా వచ్చారు. కర్రలు, చక్రాల నడకబళ్ళు, తడిసిన కోట్లు. షమీమ్ టీ పోసి పెడుతోంది. లొరేన్ లేచి ఏం జరగబోతోందో చెప్పింది. ఫోన్లు ఆగుతాయి, బదులుగా ఇంటింటికీ ఒక కరపత్రం వస్తుంది, సాయం కావాలంటే అందులోని నంబరుకు ఎవరికి వాళ్ళు ఫోన్ చేసుకోవచ్చు.

క్లిఫర్డ్ హేగ్ లేచాడు. ఎనభై నాలుగేళ్ళు, ముప్ఫై ఏళ్ళు ఊళ్ళో బస్సు నడిపినవాడు. లొరేన్ చిన్నప్పుడు ఆయన బస్సులోనే బడికెళ్ళింది.

"నాకో అనుమానం తల్లీ. నేల మీద పడి ఉన్నప్పుడు ఆ కరపత్రం ఎక్కడ పెట్టుకోవాలి? జేబులోనా?"

హాలంతా నవ్వింది. లొరేన్ కూడా నవ్వబోయి ఆగింది.

"పొద్దున ఎనిమిదింబావుకి షమీమ్ ఫోన్ చేస్తుంది," అన్నాడు క్లిఫర్డ్. "అందుకని ఎనిమిదికే గడ్డం గీసుకుంటా. ఫోన్‌లో నా మొహం ఆవిడకి కనబడదని నాకూ తెలుసు. అయినా గీసుకుంటా. నా భార్య పోయాక ఆర్నెల్లు గీసుకోలేదు. దీన్ని మీ కాగితంలో ఏ గడిలో రాస్తారో నాకు తెలీదు."

"రాసుకుంటాను క్లిఫర్డ్ గారూ," అంది లొరేన్.

"రాసుకో. నువ్వు రాస్తావు. చదివేవాడెవడన్నదే నా దిగులు."

ఆయన చెప్పింది చెప్పినట్టే రాసి, నివేదిక చివర అనుబంధంలో పెట్టింది. సభ్యుల సంఘం ఆ నివేదికను పదకొండు నిమిషాల్లో ఆమోదించింది.

మార్చి ఆఖరున షమీమ్ తాళంచెవులు తెచ్చిచ్చింది. బిస్కెట్ల రేకుడబ్బాలో డెబ్బైకి పైగా, ఒక్కోదానికి దారంతో కట్టిన చీటీ. "ఇది తిప్పేటప్పుడు కొంచెం పైకెత్తాలి", "కుక్క కరవదు, మొరుగుతుంది", ఇలా చీటీల వెనక షమీమ్ చేతిరాత. వాటిని కవర్లలో పెట్టి యజమానులకు పోస్టులో పంపింది నేనే. పేర్లు, నంబర్ల పట్టికను నిబంధన ప్రకారం ముక్కలు చేసే యంత్రంలో వేసింది కూడా నేనే. అడగకుండానే వేశాను. ఆ రోజు నాకది మామూలు పనిలాగే అనిపించింది.

"ఆ నివేదిక నువ్వే రాశావట గదా?" అని వెళ్తూ వెళ్తూ అడిగింది షమీమ్.

"నేనే."

"సరే," అంది షమీమ్. ఆ తర్వాత రెండు నెలలు వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు.

మే నెల మూడో వారంలో, ఆసుపత్రి నుంచి నేరుగా వృద్ధాశ్రమానికి పంపాల్సినవాళ్ళ జాబితా మామూలుగానే మా బల్లల మీదికొచ్చింది. తొమ్మిది పేర్లు. నాలుగోది క్లిఫర్డ్ హేగ్. వంటగదిలో పడ్డాడు, శుక్రవారం నుంచి సోమవారం దాకా అక్కడే ఉన్నాడు, కిటికీలు తుడిచేవాడు చూసి కబురు చేశాడు. తుంటి విరిగింది, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఇక ఇంటికి పంపడం కుదరదు. లొరేన్ జాబితా చదివి, కోటు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది.

ఆసుపత్రిలో జరిగింది ఆమె ఆ తర్వాత నాకు చెప్పింది. క్లిఫర్డ్ మొహం సగానికి సగం అయిపోయింది. గడ్డం తెల్లగా పెరిగింది. ఆమెను వెంటనే గుర్తుపట్టాడు.

"వచ్చావా తల్లీ. కూర్చో. టీ చల్లగా ఉంటుంది, తాగకు."

"క్లిఫర్డ్ గారూ, నొప్పిగా ఉందా?"

"మందులిస్తున్నారులే. నేల మీదుండగా ఫోన్ మోగినట్టే అనిపించేది. ఎనిమిదింబావైంది, ఇప్పుడొస్తారు, ఇప్పుడొస్తారు అనుకునేవాణ్ణి. రెండోరోజు గుర్తొచ్చింది, ఇప్పుడు మోగదు గదా అని."

లొరేన్ మంచం అంచు పట్టుకుంది. "ఆ నివేదిక రాసింది నేనండి. ఆపెయ్యమని రాసింది నేనే."

క్లిఫర్డ్ ఆమె వంక చూశాడు. "బాగా రాసి ఉంటావు. ఒప్పుకున్నారంటే."

అందులో కోపం ఉందో, హాస్యం ఉందో ఆమెకు తెలియలేదు. అడగలేదు కూడా. ఆయన కళ్ళు మూసుకుని నిద్రపోయేదాకా కూర్చుని, అక్కణ్ణుంచి నేరుగా షమీమ్ ఇంటికి వెళ్ళింది. షమీమ్ తలుపు తీసి, ఆమె మొహం చూసి, ఏమైందని కూడా అడగకుండా లోపలికి రమ్మంది. ఆ సాయంత్రం ఇద్దరూ వంటగదిలో కూర్చుని గుర్తున్న పేర్లన్నీ ఒక కాగితం మీద రాశారు. నూట అరవైలో తొంభై దాకా వచ్చాయి. కొన్నిటికి ఇంటి నంబరు లేదు, కొన్నిటికి వీధి పేరు లేదు.

జూన్‌లో, ఆ నివేదికను ఆమోదించిన పెద్దల సంరక్షణ సంఘం మళ్ళీ సమావేశమైంది. లొరేన్ ఏదో వేరే ఒప్పందం గురించి అడిగితే చెప్పడానికి గోడవారగా కూర్చుని ఉంది, పక్కన నేను. అధికారులను సభ్యులు అడిగితే తప్ప మాట్లాడకూడదు. ముప్ఫై ఏడేళ్ళ ఉద్యోగంలో ఆమె ఏనాడూ ఆ నియమం తప్పలేదు. సేవలు ఆపి చేసిన ఆదా మీద ప్రగతి అనే అంశం రాగానే లేచి నిలబడింది.

"అధ్యక్షా, పొద్దుటి పలకరింపు మీద నివేదిక రాసింది నేను. అందులో ఒక మాట అబద్ధం."

అధ్యక్షుడు కళ్ళజోడు తీశాడు. "థ్వైట్ గారూ, అధికారులు అడిగితేనే మాట్లాడాలి."

"ఎవరూ అడగరు గనకనే మాట్లాడుతున్నాను. మధ్యస్థం అని రాశాను. అది తప్పని రాసేటప్పుడే నాకు తెలుసు. ఒక మనిషి మూడు రోజులు వంటింటి నేల మీద ఉన్నాడు. అలా ఇంకెంతమంది ఉన్నారో మనకి తెలీదు, తెలుసుకునే దారి కూడా మనమే మూసేశాం. దాన్ని తీవ్రం అని దిద్దుకోమని అడుగుతున్నాను."

ఆమె రెండు చేతులతోనూ ముందున్న కుర్చీ వీపు పట్టుకుంది. ఏడ్రియన్ తల వంచుకుని తన కాగితాల వైపే చూస్తున్నాడు. ఒక సభ్యురాలు ఏదో అనబోయి పక్కవాళ్ళ వైపు చూసి ఊరుకుంది. అధ్యక్షుడు "మీ మాట నమోదైంది" అని చెప్పి, తర్వాతి అంశం చేపట్టాడు. అది చక్రాల కుర్చీల సరఫరా గురించి. నాకు తర్వాత తెలిసిందేమిటంటే, ఆ మాట నమోదు కూడా కాలేదు.

మధ్యాహ్నానికి ఆమె గుర్తింపు కార్డు వెనక్కి తీసుకున్నారు. కప్పు, ఊలు స్వెటరు, బల్ల సొరుగులోని చెప్పులు నేను సంచీలో పెట్టి ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చాను. విచారణ అన్నారు, రెండు నెలలు సాగదీశారు, చివరికి ముందుగా రిటైరైతే కాగితాల మీద మచ్చ పడదన్నారు. సంతకం పెట్టింది.

క్లిఫర్డ్ ఆగస్టులో పోయాడు, ఊరి అవతలి కొసన ఒక వృద్ధాశ్రమంలో. లొరేన్ ఆదివారాలు వెళ్ళి చూసొచ్చేది. చివరి రెండుసార్లు ఆయన ఆమెను టికెట్ అడిగాడట, ఎక్కేవాళ్ళని బస్సు డ్రైవర్ అడిగినట్టు.

ఆ రాసుకున్న కాగితం పట్టుకుని లొరేన్, షమీమ్ ఇంటింటికీ తిరిగారు. కొందరు అప్పటికే లేరు. కొందరు ఏదో అమ్మడానికొచ్చారనుకుని తలుపు తీయలేదు. ఒక పెద్దావిడ తలుపులో ఉత్తరాలు వేసే చీలిక తెరిచి, "కౌన్సిలువాళ్ళు నా గడప తొక్కద్దు, ఒకసారి చేసింది చాలు," అంది. లొరేన్ కౌన్సిల్‌లో ఇప్పుడు లేనని చెబితే, "అయితే మరి దేనికి పనికొస్తావు?" అంది. చివరికి నలభై ఒక్కమంది సరేనన్నారు. లొరేన్ ఇంట్లో ముందుగది నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కౌన్సిల్ లేదు, ఒప్పందం లేదు, తాళంచెవులు ఉంచుకునే అనుమతి లేదు. ఎవరైనా ఎత్తకపోతే లొరేన్ కారులో వెళ్ళి కిటికీ కొట్టడం, అరవడం, అప్పటికీ పలకకపోతే పోలీసులకు చెప్పి బతిమాలడం.

మూడేళ్ళ తర్వాత కౌన్సిల్ ఒక పుస్తకం అచ్చువేసింది. మంచి నున్నటి కాగితం, అట్ట మీద నవ్వుతున్న ముసలిజంట. జబ్బు ముదరకముందే, మనిషి పడకముందే ఇంటిదగ్గరే ఆదుకునే సేవలు మొదలుపెట్టాలని నిర్ణయించినట్టు అందులో రాసుంది. టెండరు పిలిచారు. షమీమ్ ఆ పుస్తకాన్ని నాకు చూపించి, "ఇది మనదే గదా?" అంది. మూడు ఆదివారాలు మా ఇంట్లో కూర్చుని ముగ్గురం దరఖాస్తు నింపాం. మొదటి పేజీలోనే పోయింది. సంస్థ మూడేళ్ళుగా ఆగకుండా నడుస్తూ ఉండాలట, ఫలితాలకు రుజువు చూపాలట. పలకరింపు కోసం షమీమ్ పెట్టిన సంస్థ, నిధులు ఆగిన ఏడాదే రద్దయింది.

ఆ పని దూరపు ఊరి కంపెనీ ఒకదానికి వెళ్ళింది. వాళ్ళ దగ్గర మనుషులు ఫోన్ చెయ్యరు, రికార్డు చేసిన గొంతు చేస్తుంది. క్షేమంగా ఉంటే ఒకటి నొక్కాలి, సాయం కావాలంటే రెండు.

"నేను ఒకటే నొక్కుతా," అంది ఎడ్నా క్రౌథర్ అనే తొంభై ఏళ్ళావిడ లొరేన్‌తో. "మొన్న కాలు వాచి రెండు నొక్కితే, వేచి ఉండమని పాట వేశారు. నలభై నిమిషాలు. ఆ పాట వినడం కంటే క్షేమంగా ఉండటమే నయం."

2020 వసంతంలో కరోనా వచ్చి, ఆ నలభై ఒక్కమందిలో మిగిలినవాళ్ళలో పన్నెండుమంది పోయారు. ఏడు వారాల్లో. కొందరు పోయిన కబురు ఆసుపత్రి నుంచి రాకముందే లొరేన్ వాళ్ళ ఇంటికి ఫోన్ చేసింది, ఎవరూ ఎత్తలేదు. షమీమ్‌కు కూడా ఆ జబ్బు సోకింది. బతికింది గాని, నాలుగు మాటలు వరసగా మాట్లాడితే ఆయాసం. ఇక ఫోన్లన్నీ లొరేనే.

పోయిన నవంబరులో నేను రిటైరయ్యాక ఒక పొద్దున ఆమె ఇంటికి వెళ్ళాను. ఫోన్ ముందు కూర్చుని ఉంది, మోకాళ్ళ మీద దుప్పటి. వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. ముందున్న పట్టికలో కొట్టేసిన పేర్లే ఎక్కువ.

"ఎంతమందున్నారు?" అన్నాను.

"పంతొమ్మిది. అందరికన్నా చిన్నావిడకి డెబ్బై ఎనిమిది."

"కొత్తవాళ్ళని చేర్చుకోవచ్చుగా?"

"చేర్చుకుని? నాకేదన్నా అయితే వాళ్ళకెవరు చేస్తారు? ఒకసారి పొద్దున్నే ఫోన్ మోగుతుందని అలవాటు చేసి, ఆపేశాను. రెండోసారి చెయ్యలేను."

నేనొకటి అడగాలనుకుని చాలా ఏళ్ళుగా అడగలేదు. ఆవేళ అడిగాను. "ఆ గడిలో తీవ్రం అనే ఉంచి ఉంటే ఏమయ్యేదంటావు?"

"మిల్ స్ట్రీట్ కేంద్రం పోయేది."

"అది మరుసటేడు ఎలాగూ మూసేశారుగా."

"తెలుసు," అంది లొరేన్.

కళ్ళజోడు సర్దుకుని, పట్టికలో తర్వాతి పేరు మీద వేలుపెట్టి నంబరు నొక్కింది. అవతల మోగడం నాకూ వినబడుతోంది. నాలుగు, ఐదు, ఆరు. ఆమె ఇంకో చెయ్యి అప్పటికే కారు తాళాల మీదికి వెళ్ళింది. తొమ్మిదోసారికి ఎవరో ఎత్తి, దగ్గి, "ఎవరది?" అన్నారు.

"నేనేనండి, లొరేన్ని," అంది. "రాత్రి నిద్రపట్టిందా?"